సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీలో వేడిగాలి, టెంపరేచర్ ముల్లు పైకి: గ్యారేజీకి వెళ్లే ముందు ఇంట్లో ఏం చూసుకోవచ్చు?

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 11, రాత్రి 9:20

అందరికీ నమస్తే. నాది 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, 82 వేలు తిరిగింది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఒక తలనొప్పి పట్టుకుంది. హైవే మీద 70, 80లో పోతుంటే ఏసీ చల్లగా వస్తుంది. టెంపరేచర్ ముల్లు సగానికి కాస్త కింద కదలకుండా ఉంటుంది. ఊళ్లోకి వచ్చి సిగ్నల్ దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగామంటే చాలు, రెండు మూడు నిమిషాల్లో ఏసీ గాలి వేడెక్కిపోతుంది. ఇంకాసేపు ఆగితే ముల్లు ముప్పావు దాటుతుంది. బండి కదిలి కాస్త స్పీడు అందుకోగానే మళ్లీ అంతా మామూలే.

దగ్గర్లో ఉన్న గ్యారేజీలో చూపిస్తే బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "గ్యాస్ తగ్గింది సార్, రేడియేటర్ జామైంది, హెడ్ గాస్కెట్ మీద కూడా డౌటే" అన్నారు (హెడ్ గాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలట). అన్నీ కలిపి 18 వేలని రాసిచ్చారు. మూడూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఎలా పోతాయో నాకు అంతుబట్టలేదు. కూలెంట్ ట్యాంకులో లెవెల్ రెండు గీతల మధ్యే ఉంది. బండి కింద తడి మరకలేమీ లేవు.

నా దగ్గర స్పానర్ సెట్టు, చిన్న మల్టీమీటర్ ఉన్నాయి. ఇంటి కరెంటు పని కొంచెం తెలుసు, కారు పని తెలియదు. నెలాఖర్లో పెళ్లికి అమ్మావాళ్లను తీసుకుని భద్రాచలం వెళ్లాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 11, రాత్రి 10:05

బాబూ, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబుంది. పరుగులో చల్లగా ఉంటుంది, నిలబడితే వేడెక్కుతుంది. పరుగెడుతున్నప్పుడు రేడియేటర్‌కి ఎదురుగాలి దానంతటదే తగులుతుంది. నిలబడ్డప్పుడు ఆ గాలిని ఫ్యాన్ లాగాలి. కాబట్టి మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. రేడియేటర్ లోపల జామైతే హైవే మీద, అందులోనూ నిండా మనుషులతో ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు లేవాలి. నీ బండిలో జరుగుతున్నది దానికి తలకిందులు.

ఏసీ సంగతీ ఇంతే. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కి ముందు అతుక్కున్నట్టే ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి ఆ రెండింటికీ కలిపి ఒకటే ఫ్యాన్. గాలి తగలకపోతే కండెన్సర్‌లో గ్యాస్ చల్లబడదు, ప్రెషర్ పెరుగుతుంది, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. లోపల కూర్చున్న నీకు వేడిగాలి వస్తుంది. గ్యాస్ నిజంగా తగ్గి ఉంటే హైవే మీద కూడా చల్లదనం తగ్గాలి కదా? ఇప్పుడు ఉన్న గ్యాస్ మీద ఇంకొంచెం ఎక్కిస్తే ప్రెషర్ మరింత లేచి ఇంకా తొందరగా ఆగిపోతుంది. డబ్బూ పోతుంది, రోగమూ ముదురుతుంది.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఎవరినైనా లోపల కూర్చోబెట్టి ఏసీ వేయించు. ఫ్యాన్ తిరిగిందా లేదా, ఎక్కడైనా "టక్" మని వినిపించిందా, ఆ రెండూ రాయి. ఫ్యాన్ దగ్గర మాత్రం చెయ్యి పెట్టకు. అది ఎప్పుడు తిరగాలో మనల్ని అడగదు. కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపాక కూడా తిరుగుతుంది.

డీజిల్_బాబాయ్ · నిజామాబాద్ · మే 11, రాత్రి 10:40

ఇంత చదువు అక్కర్లేదు తమ్ముడూ. మన ఎండలకి థర్మోస్టాట్, అదే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని ఆ మూత, ఎందుకసలు? అది చలిదేశాల సామాను. పీకి పక్కన పెట్టించు, నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వేడెక్కే మాటే ఉండదు. మేం లారీలకి ఎన్నింటికి తీశామో లెక్కలేదు.

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 11, రాత్రి 11:15

బాబాయ్, గౌరవంతోనే చెబుతున్నా, ఈ సలహా కొత్త పెట్రోల్ బళ్లకు నప్పదు. ఇంజిన్ ఎంత వేడిగా ఉందో చూసుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పెట్రోల్ కొలుస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ పూర్తి వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్‌లోకి చేరిన తేమ ఎగిరిపోదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి పి0128 కోడ్ వచ్చిందంటే చాలాసార్లు ఈ థర్మోస్టాట్ బాపతే.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే రెండోవైపు బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే ఆ దారి తెరిచే ఉండిపోయి, సగం వేడినీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే చుట్టు తిరుగుతాయి. చల్లబడాలని పీకితే ఇంకా వేడెక్కిన బళ్లు ఉన్నాయి.

అనుమానం ఉంటే పరీక్ష తేలికే. విప్పి గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి స్టవ్ మీద పెట్టాలి. దాని మీద 82 అనో 88 అనో ముద్ర ఉంటుంది. వంటింటి థర్మామీటర్ ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి మూత తెరుచుకోవడం మొదలుపెడితే అది బాగున్నట్టే. విప్పకుండా చూడాలంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పైపు మీద చెయ్యి ఆనించి ఉంచండి. చాలాసేపు మామూలుగా ఉండి, ఉన్నట్టుండి వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. పక్కనే ఫ్యాన్ ఉంటుంది, చొక్కా చేతులు, మెడలో టవల్ జాగ్రత్త.

డీజిల్_బాబాయ్ · నిజామాబాద్ · మే 11, రాత్రి 11:31

కంప్యూటర్ బళ్ల సంగతి నాకు తెలియదు లేవయ్యా. నా లారీకి మాత్రం పెట్టను.

సాగరతీరం_టీచర్ · విశాఖపట్నం · మే 12, ఉదయం 6:10

మున్నేరు గారూ, పొద్దున్న పని మొదలుపెట్టే ముందు ఇది చదవండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత గానీ, ప్రెషర్ ఉండే ట్యాంకు మూత గానీ తిప్పొద్దు. మామూలు నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అదే 1 బార్ ప్రెషర్ మూత బిగించి ఉంటే 120 దాకా మరగవు. మూత తీయగానే ప్రెషర్ పోతుంది, 110లో ఉన్న నీళ్లు ఆ క్షణంలోనే ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. గుడ్డ కప్పి తీస్తే ఏమీ కాదని చెప్పేవాళ్లని నమ్మకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన అలా తీసే మోచేతి దాకా కాల్చుకున్నారు. పై హోస్ పైపు నొక్కితే మెత్తగా ఉండి, చేతికి వేడి తగలకుండా ఉన్నప్పుడే మూత జోలికి వెళ్లండి.

తీసినప్పుడు మూత అడుగున ఉన్న రబ్బరు కూడా చూడండి. పగిలినా గట్టిపడినా మూత మార్చేయండి. మూత ప్రెషర్ పట్టకపోతే కూలెంట్ తొందరగా మరిగి పొంగిపోతుంది, ఆ నింద రేడియేటర్ మీద పడుతుంది.

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 12, ఉదయం 8:25

థాంక్స్ టీచర్ గారూ. స్పానర్ గారూ, చూశాను. మా తమ్ముడు ఏసీ వేశాడు. కంప్రెసర్ పట్టుకున్న చప్పుడు వచ్చింది, బ్యాటరీ పక్కనున్న ఫ్యూజుల పెట్టెలో కూడా "టక్" మంది. ఫ్యాన్ మాత్రం కదల్లేదు. ఐదు నిమిషాలకి ఏసీ గాలి వేడెక్కడం మొదలైంది, ఆపేశాం.

ఇక మోటార్ కొనేయమంటారా?

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 12, ఉదయం 8:50

ఆగు, తొందరపడకు. ఫ్యాన్ తిరగడానికి ఫ్యూజ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), వైరు, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి), మోటార్ అన్నీ బాగుండాలి. వాటిలో ఒకటి పోయింది. "టక్" మంది కాబట్టి రిలేకి హుకుం అందుతోంది, అంటే ఈసీయూ పని అది చేసింది. అక్కడి నుంచి ముందుకి వెతకాలి. వోల్టుమీటర్ గారు దగ్గరుండి చేయిస్తారు, నాకు సంతకి పోయే టైమైంది.

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 12, ఉదయం 9:12

సరే. ఫ్యూజుల పెట్టె మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది. అందులో రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజ్ ఏదో చూసుకోండి, చాలా చిన్న కార్లలో 30 ఆంపులది. కంటికి బాగున్నా నమ్మొద్దు. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి ఆనించి, ఎర్ర మొనతో ఫ్యూజ్ నెత్తిన కనిపించే రెండు చుక్కల్నీ ముట్టుకోండి. రెండువైపులా వోల్టేజ్ ఉంటే ఫ్యూజ్ బాగుంది. ఒకవైపే ఉంటే పోయింది. పోయినచోట అదే ఆంపులది వేయాలి తప్ప పెద్దది వేయకూడదు. మన దగ్గర వైరు ముక్క చుట్టేసే అలవాటు ఒకటుంది, బళ్లు తగలబడేది అలాగే.

తర్వాత రిలే. అదే పెట్టెలో హారన్ రిలే ఉంటుంది, మీద రాసిన నంబరూ అడుగున కాళ్ల అమరికా ఒకటే అయితే రెండింటినీ తారుమారు చేయండి. ఫ్యాన్ రిలేతో హారన్ మోగితే రిలే బాగున్నట్టే.

డల్లాస్_గోంగూర · టెక్సస్ · మే 12, ఉదయం 9:40

ఇక్కడ రాత్రి అయింది, పడుకునే ముందు ఒక మాట. వోల్టుమీటర్ గారు చెప్పిన తారుమారు పద్ధతి నాకు మిస్సింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోకపోవడం) విషయంలో పనికొచ్చింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి బండి కుదుపుతుంటే స్కానర్‌లో పి0302 అని వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. రెండో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది రెండో దానికి పెట్టి కోడ్ చెరిపేసి నడిపాను. ఈసారి పి0301 వచ్చింది. జబ్బు కాయిల్‌తో పాటు ఇల్లు మారిందన్నమాట. ఒక్క కాయిల్ కొన్నాను. కోడ్ అక్కడే ఉండిపోతే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్ చూసుకోవాలి.

మున్నేరు గారి దగ్గర బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే పి0480 గానీ, పి0117, పి0118 గానీ ఉన్నాయేమో చూడండి. మొదటిది ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్, మిగతా రెండూ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్.

పెన్నా_ఇసుక · నెల్లూరు · మే 12, ఉదయం 10:30

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నా బండి సెల్ఫ్ తీసుకోవట్లేదు. తాళం తిప్పితే టకటకటక అంటుంది. సెల్ఫ్ మోటార్ పోయిందా?

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 12, ఉదయం 10:48

బ్రో, టకటకా వరసగా కొట్టుకుంటే ముందు బ్యాటరీని, టెర్మినల్స్‌నీ చూడాలి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీలో పస లేదు, లేదా టెర్మినల్స్ వదులయ్యాయి. లైట్లు అలాగే వెలుగుతూ ఒక్క "టక్" తో ఆగిపోతే సెల్ఫ్ మోటార్ వైపు వెళ్లాలి.

రాత్రంతా ఆపిన బండికి పొద్దున మీటర్ పెడితే 12.6 రావాలి. 12.2 అంటే సగమే మిగిలినట్టు. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ ముసలిదైంది. స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ ఇస్తోంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులా పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఆరాక పైన కాస్త వాజలీన్ రాయండి.

మోడరేటర్ · మే 12, ఉదయం 11:00

పెన్నా గారూ, మీ రీడింగులు కొత్త చర్చ పెట్టి రాయండి, అక్కడ చూస్తారు. ఇక్కడ ఫ్యాన్ సంగతి తేలనిద్దాం.

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 12, సాయంత్రం 6:45

ఎండ తగ్గాక కూర్చున్నా. ఫ్యూజ్ రెండు చుక్కల దగ్గరా 12.4 ఉంది. రిలే హారన్‌ది, ఫ్యాన్‌ది తారుమారు చేశా, హారన్ బ్రహ్మాండంగా మోగింది, ఫ్యాన్ తిరగలేదు. స్కానర్ పక్కింటి అబ్బాయి దగ్గర తెచ్చి పెట్టా, కోడ్లు ఏమీ లేవు. ఫ్యాన్ మోటార్ దగ్గరి ప్లగ్ ఊడదీసి, ఏసీ వేయించి, వైరింగ్ వైపు రెండు పిన్నుల మధ్య మీటర్ పెడితే 12.1 చూపించింది.

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 12, సాయంత్రం 7:02

ప్లగ్ దాకా 12 వోల్టులు వస్తున్నాయి, అయినా తిరగట్లేదు. మోటార్ పోయింది. కొనేయండి.

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 12, సాయంత్రం 7:30

వోల్టుమీటర్ గారూ, మీ పేరులో ఉన్న పనిముట్టుకి ఒక బలహీనత ఉంది. మీటర్ కరెంటు దాదాపు లాగదు. వైరు లోపల తీగలన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మీద ఫ్యాన్ తిరుగుతుందా?

మున్నేరు బాబూ, పాత హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది ఉంటే దానికి రెండు వైర్లు చుట్టు. అది నాలుగున్నర ఆంపుల దాకా లాగుతుంది. ఆ ఊడదీసిన ప్లగ్ రెండు పిన్నులకీ ఆనించి ఏసీ వేయించు. భగ్గున వెలిగితే వైరింగ్ బాగుంది, మోటార్‌దే తప్పు. గుడ్డిగా వెలిగినా, వెలగకపోయినా వైరింగ్‌లోనే ఎక్కడో దెబ్బ ఉంది. అప్పుడు బల్బు మైనస్ వైరు తీసుకెళ్లి నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెట్టు. వెలుగు పెరిగితే ఎర్త్ దగ్గర తుప్పు. పెరగకపోతే ప్లస్ వైరు. బల్బు గాజుని చేత్తో పట్టుకోకు, వేడెక్కుతుంది.

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 13, ఉదయం 7:50

స్పానర్ గారికి దండం! స్టెప్నీ పక్కన డిక్కీలో పాత బల్బు దొరికింది, ఒక ఫిలమెంట్ బాగుంది. ప్లగ్‌కి పెడితే అగరొత్తి చివర లాగా ఎర్రగా మినుకుమంది అంతే. మైనస్ నేరుగా బ్యాటరీకి పెట్టినా అదే వెలుగు. అంటే ప్లస్ వైరు.

ప్లగ్‌ని ఈసారి పగటి వెలుతురులో తిప్పి చూశా. ముందువైపు పిన్నులు పర్లేదనిపించాయి. వెనక రబ్బరు తొడుగు వెనక్కి జరిపితే ప్లస్ వైరు పిన్నుని పట్టుకునే చోట రాగి నల్లగా పొడిపొడిగా ఉంది, ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి ఒక మూల కరిగింది. వైరు తొడుగు కూడా ఒక అంగుళం దాకా గట్టిపడింది. ఫోటోలు పెట్టాను.

అయితే ఈ ప్లగ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది కదా? ఆటో ఎలక్ట్రికల్ షాపులో వైర్లతో సహా దొరుకుతుందన్నారు.

సాగరతీరం_టీచర్ · విశాఖపట్నం · మే 13, ఉదయం 8:15

మామూలుగా ఫ్యూజ్ పోవాలి కదా, ప్లగ్ ఎందుకు కరిగింది?

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 13, ఉదయం 8:40

స్పానర్ గారి మాటే నెగ్గింది, ఇకనుంచి నా కిట్‌లో కూడా ఒక బల్బు ఉంటుంది.

టీచర్ గారూ, 30 ఆంపుల ఫ్యూజ్ 30 దాటితేనే పోతుంది. మోటార్ పది పన్నెండు ఆంపులు లాగాల్సిన చోట పద్దెనిమిదో ఇరవయ్యో లాగితే ఫ్యూజ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ చిన్న పిన్ను, అందులోనూ కాస్త వదులైనది, వేడెక్కి వేడెక్కి మాడిపోతుంది. మాడేకొద్దీ అక్కడ అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. అందుకే మున్నేరు గారూ, ప్లగ్ మార్చే ముందు మోటార్‌ని కూడా విచారించాలి. ప్లగ్ సొంతంగా చచ్చిందో, మోటార్ చంపిందో తేలాలి.

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 13, ఉదయం 9:05

అవును. ఇంజిన్ ఆపి, బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి ఉంచి, రెక్కని చేత్తో తిప్పి చూడు. తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగాలి. గరగరమన్నా, బిగుసుకుని ఆగినా బేరింగో బుష్షో అరిగినట్టు.

తర్వాత చెయ్యి తీసేసి, మోటార్‌కి నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వు. మధ్యలో ఒక 20 ఆంపుల ఫ్యూజ్ తగిలించి ఇవ్వు, లావు వైరు వాడు. ముందు మోటార్ దగ్గర రెండు వైర్లూ బిగించి, చివరి ముడి బ్యాటరీకి దూరంగా వెయ్యి. బ్యాటరీ నెత్తిన నిప్పురవ్వ మంచిది కాదు.

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 13, రాత్రి 8:10

చేత్తో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. నేరుగా కరెంటు ఇస్తే మొదట కదల్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటార్ వెనక మెల్లగా తడితే మూలిగినట్టు చప్పుడు చేస్తూ తిరిగింది.

మా సబ్‌స్టేషన్‌లో పనిచేసే ఫ్రెండ్ క్లాంప్ మీటర్ తెచ్చాడు. మొదట సున్నా చూపించింది! అది ఏసీ కరెంటు మాత్రమే చదివే రకమట. డీసీ చదివే క్లాంప్ వేరే ఉంటుందని అప్పుడే తెలిసింది. అది తెప్పించి పెడితే 19 ఆంపులు, తిరిగేకొద్దీ కాస్త పెరుగుతోంది కూడా.

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 13, రాత్రి 8:22

19 అంటే కేసు క్లోజ్. తడితే తిరిగిందంటే బ్రష్‌లు అరిగాయి, బిగుసుకుందంటే బేరింగ్ పోయింది. మోటార్, ప్లగ్ రెండూ మార్చండి. ఒక్క ప్లగ్ మారిస్తే వచ్చే ఎండాకాలానికి మళ్లీ కరుగుతుంది.

డీజిల్_బాబాయ్ · నిజామాబాద్ · మే 13, రాత్రి 9:00

నాలుగు స్క్రూలు విప్పి మోటార్ బ్రష్‌లు మార్పిస్తే మూడొందల్లో అయిపోతుంది. కొత్తది దేనికి?

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 13, రాత్రి 9:25

బాబాయ్ చెప్పింది విప్పగలిగే మోటార్‌కి నిజమే, పూర్వం అన్నీ అలా చేసినవాళ్లమే. ఇప్పటి చిన్న కార్ల మోటార్లు చాలావరకు అంచులు మడిచి మూసేసినవి. విప్పితే మళ్లీ నీళ్లు దూరకుండా మూయడం కష్టం. పైగా బేరింగ్ కూడా పోయింది. పెళ్లి ప్రయాణం ముందు పెట్టుకుని ప్రయోగాలొద్దు.

కొనేటప్పుడు పాతది చేత పట్టుకుని వెళ్లు. రెక్క తిరిగే దిక్కు, రెక్కల సంఖ్య, బిగించే బొక్కలు, ప్లగ్ నాలుగూ కలవాలి. బిగించాక గాలి రేడియేటర్ వైపు నుంచి ఇంజిన్ వైపుకి లాగుతోందో లేదో ఒక కాగితం ముక్కతో చూడు. గ్రిల్ ముందు కాగితం పెడితే లోపలికి అతుక్కోవాలి. ప్లస్, మైనస్ తారుమారైతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి ఎదురు తోస్తుంది. అప్పుడు బండి నడుస్తున్నప్పుడు కూడా వేడెక్కడం మొదలవుతుంది.

మున్నేరు_గట్టు · ఖమ్మం · మే 15, రాత్రి 9:30

అయిపోయింది. మోటార్ 2,600, వైర్లతో ప్లగ్ 250. ప్లగ్ వైర్లను మెలిపెట్టి టేపు చుట్టకుండా, షాపాయన చేతే క్రింప్ చేయించి పైన హీట్ ష్రింక్ తొడుగు వేయించా. ఫ్యాన్ ఫ్రేమ్ దించేటప్పుడు పై హోస్ పైపు అడ్డొచ్చింది, అది విప్పాల్సి వచ్చి ఒక లీటరు దాకా కూలెంట్ టబ్బులో పట్టాను.

ఏసీ వేయగానే ఫ్యాన్ తిరుగుతోంది. స్కానర్‌లో చూస్తూ ఏసీ లేకుండా ఇంజిన్ ఆన్‌లో వదిలేస్తే 97 దగ్గర ఫ్యాన్ మొదలై 91 దగ్గర ఆగుతోంది. మధ్యాహ్నం రెండింటికి ఎండలో అరగంట నిలబెట్టి ఏసీ వేసి చూశా, ముల్లు కదల్లేదు, గాలి చల్లగానే ఉంది. కొత్త మోటార్ 11 ఆంపులు లాగుతోంది.

ఇప్పుడు తగ్గిన కూలెంట్ సంగతి. లోపల ఉన్నది పచ్చరంగుది. షాపులో గులాబీరంగుది ఉంది, రెండూ ఒకటే అన్నాడు. కలపొచ్చా? లేక ఆ లీటరూ బోరు నీళ్లు పోసేయనా?

సాగరతీరం_టీచర్ · విశాఖపట్నం · మే 15, రాత్రి 9:50

బోరు నీళ్లు మాత్రం వద్దండీ! గీజర్ రాడ్డుకి పట్టే తెల్ల పెచ్చు చూశారు కదా, రేడియేటర్ సన్న గొట్టాల్లో కూడా అదే పడుతుంది. అప్పుడు మీ గ్యారేజీ ఆయన "జామైంది" అన్న మాట నిజమైపోతుంది.

వోల్టుమీటర్ · హైదరాబాద్ · మే 15, రాత్రి 10:05

కూలెంట్ రంగుకి లెక్కాపత్రం లేదు, ఒక్కో కంపెనీ ఇష్టం వచ్చిన రంగు కలుపుతుంది. పచ్చవి రెండు వేర్వేరు రకాలు కావచ్చు, పచ్చా గులాబీ ఒకే రకం కావచ్చు. బండి మాన్యువల్‌లో ఏ రకం వాడాలో రాసి ఉంటుంది, డబ్బా మీద అదే ఉందో లేదో చూడండి. సరిపడని రకాలు కలిపితే తుప్పు ఆపే మందు బలహీనపడుతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది.

టబ్బు శుభ్రంగా ఉంటే పట్టిన కూలెంటే వడకట్టి మళ్లీ పోసేయొచ్చు. లేదంటే అదే రకం గాఢమైన కూలెంట్ తెచ్చి సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపండి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు కొంత ఉంటాయి. ఇంటి ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లని చూశాను, అందులో దుమ్ము, కాయిల్ మురికి కలుస్తాయి, వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ డబ్బా చవకే.

పోశాక గాలి బుడగలు తీయడం మర్చిపోకండి. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, బుడగలు ఆగేదాకా మెల్లగా పోస్తూ ఉండి, తర్వాత మూత బిగించాలి. లోపల గాలి మిగిలితే మళ్లీ ముల్లు ఎగురుతుంది, ఈసారి మోటార్‌ని తిడతారు.

డల్లాస్_గోంగూర · టెక్సస్ · మే 15, రాత్రి 10:40

హెడ్ గాస్కెట్ డౌటు కూడా తీరిపోవాలంటే ఎలా మరి?

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 16, ఉదయం 6:30

హెడ్ గాస్కెట్ పోతే అది దాక్కోదు. బయట లీకు లేకుండా కూలెంట్ రోజురోజుకీ తగ్గుతుంది. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తూనే ఉంటుంది. ఆయిల్ మూత అడుగున మజ్జిగ తెట్టెలా పేరుకోవచ్చు, అయితే చిన్న ప్రయాణాలే చేసే బళ్లలో తేమ వల్ల కూడా కొంచెం పేరుకుంటుంది, దానొక్కదాన్ని చూసి కంగారు పడొద్దు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు అనుమానపడాలి. మన బాబు బండికి ఇవేవీ లేవు. ముల్లు ముప్పావు దాటగానే బండి కదిలిపోయింది కాబట్టి హెడ్ బతికిపోయింది. ఎర్రగీత దాకా పోయినప్పుడు పక్కకి ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఆపే చోటు దొరికేదాకా ఏసీ కట్టేసి, హీటర్ పూర్తిగా తిప్పి, లోపల గాలి కొట్టే బ్లోయర్ జోరు పెంచుకుంటే కొంత వేడి క్యాబిన్‌లోకి పోతుంది. చెమటలు పడతాయి, ఇంజిన్ మిగులుతుంది.

పెన్నా_ఇసుక · నెల్లూరు · మే 16, ఉదయం 9:15

నాది టెర్మినల్ తుప్పే. వంటసోడాతో కడిగి బిగించా, ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. ఇంకో చిన్న డౌటు, ఇదే చర్చలో అడిగేస్తా, మోడరేటర్ గారు క్షమించాలి. మా బావ కారుకి రెండు ఫ్యాన్లు పక్కపక్కన ఉన్నాయి. ఏసీ వేస్తే ఒకటే తిరుగుతుంది. రెండోది పోయినట్టా?

పాత_స్పానర్ · రాజమండ్రి · మే 16, ఉదయం 9:40

తప్పనిసరిగా పోయినట్టు కాదు. కొన్నింట్లో ఏసీకి ఒకటి, ఇంజిన్ వేడికి ఒకటి. కొన్నింట్లో ఏసీ వేయగానే రెండూ నెమ్మదిగా, వేడి పెరిగితే రెండూ జోరుగా తిరుగుతాయి. మాన్యువల్‌లో ఏ రకమో ముందు చూడండి. నెమ్మది స్పీడు అసలు రాకుండా జోరు స్పీడు మాత్రమే వస్తుంటే ఫ్యాన్ ఫ్రేమ్‌కి బిగించిన రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది, మోటార్లు కాదు. తిరగని ఫ్యాన్ ప్లగ్‌కి బల్బు పెట్టమనండి మీ బావని.